రోహిణి కార్తెలో కార్బరేటర్

బీఎస్-6 ప్రమాణానికి అందని కొత్త బండిని అమ్మకూడదన్న నిబంధన 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో మన రోడ్ల మీద కార్బరేటర్ కథ దాదాపు ముగిసింది. ఒకటి రెండు చవక మోడళ్లలో ఎలక్ట్రానిక్ సాయంతో అది ఇంకొంతకాలం నిలదొక్కుకున్నా, మిగతా మోటార్ సైకిళ్లలోకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. చలికాలం పొద్దున్నే చోక్ లాగి, రెండు కిక్కులు ఉత్తినే కొట్టి మూడోదానికి స్టార్టు చేయడం, ఎండలు ముదరగానే మెకానిక్ షెడ్డు ముందు ఆగి "స్లో ఒకసారి చూడన్నా" అనడం, తొలకరి పడిన సాయంత్రం బండి హుషారుగా లాగుతోందని గమనించుకోవడం, రెండు మూడు తరాల తెలుగువాళ్లకు ఇవన్నీ దినచర్య. ఇప్పటి కుర్రవాళ్లకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. ఆ రోజుల్ని తలచుకునే పెద్దవాళ్లు కూడా ఫలానా ఉస్తాద్ హస్తవాసి మంచిదనో, ఫలానా మేస్త్రీ చెయ్యి పడితే బండి మాట వింటుందనో చెప్పి ఊరుకుంటారు. ఆ మాటల్లో గౌరవం ఉంది, కానీ న్యాయం లేదు. ఆ షెడ్లలో జరిగింది గాలి బరువును కొలిచే పని. కొలిచే పరికరం లేకుండా, ఒక్క అంకె కాగితం మీద పెట్టకుండా సాగింది కాబట్టే దాన్ని విద్యగా ఎవరూ లెక్కపెట్టలేదు. అది విద్యేనని చూపించడానికి ఆధారాలున్నాయి.

ముందు లెక్క చూద్దాం. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి గట్టిగా లాగించేటప్పుడు పెట్రోలు పాలు కాస్త పెరగాలి. అప్పుడు గ్రాముకు 12.5 నుంచి 13 గ్రాముల గాలి ఉంటే ఇంజిన్ తన పూర్తి బలం చూపిస్తుంది. ఇవన్నీ బరువుల లెక్కలు. ఇంజిన్ మాత్రం గాలిని తూచి పీల్చదు, సిలిండర్ పట్టినంత పీలుస్తుంది. 100 సీసీ బండి ప్రతి దఫా లోపలికి తీసుకునే గాలి పరిమాణం పుష్యమాసంలోనూ వైశాఖంలోనూ ఒకటే. ఆ గాలి బరువు మాత్రం ఒకటి కాదు. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు పొడిగాలి 1.225 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీలకు వచ్చేసరికి అదే గాలి 1.11 కిలోలే. ఆదిలాబాద్ లాంటి చోట చలికాలపు పొద్దున 8 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకుంటే, ఒకే బండిలోకి ఒకే ఏడాదిలో వెళ్లే గాలి బరువు 11, 12 శాతం తగ్గుతుందన్నమాట. మరి పెట్రోలు? కార్బరేటర్ ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోతుంటే అక్కడ పీడనం పడిపోతుంది, ఆ తేడాకు ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. గాలి పలచబడితే ఆ పీడనపు తేడా కూడా తగ్గుతుంది గానీ, లేచే పెట్రోలు ఆ తేడాకు వర్గమూలం మేరకే తగ్గుతుంది. అంటే గాలి 12 శాతం తగ్గిన చోట పెట్రోలు ఇంచుమించు 6 శాతమే తగ్గుతుంది. మిగతా 6 శాతం మేర మిశ్రమం చిక్కబడుతుంది. వేడికి పెట్రోలు కూడా వ్యాకోచించి కొంచెం తేలికవుతుంది కాబట్టి ఇందులో ఒకటి రెండు శాతం తీసేసినా, నాలుగైదు శాతం తేడా నిలుస్తుంది. షెడ్డులో వర్గమూలం ఎవరికీ తెలియదు. "ఎండాకాలం పెట్రోలు ఎక్కువ పడుతుంది, గాలి వదలాలి" అన్నది మాత్రం అందరికీ తెలుసు. ఈ సూత్రం చివరికి చెప్పేదీ అదే.

చలి సంగతి దీనికి ఉత్త తలకిందులు కాదు, అంతకంటే చిక్కుది. చల్లగాలి బరువుగా ఉండి మిశ్రమాన్ని పలచన చేస్తుంది. దానికితోడు చల్లటి పెట్రోలు తేలిగ్గా ఆవిరి కాదు. చల్లబడిన సిలిండర్‌లో పెట్రోలు బొట్లు బొట్లుగా గోడలకు అంటుకుపోతుంది, ప్లగ్ దగ్గర మండటానికి తగినంత ఆవిరి మిగలదు. చోక్ చేసేది ఈ లోటును మోటుగా పూడ్చడమే: గాలికి అడ్డం పెట్టో, మరో దారిలో పెట్రోలు ఎక్కువగా వదిలో, నాలుగింతలు పోస్తే అందులో ఒక వంతైనా ఆవిరవుతుందన్న లెక్క. పాత జావా, యెజ్డీ బండ్లకు కార్బరేటర్ మీద టిక్లర్ అని చిన్న బొడిపె ఉండేది. దాన్ని వేలితో నొక్కితే ఫ్లోట్ మునిగి, పెట్రోలు పొంగి వేలికి తడి తగిలేది. ఆ తడి తగిలితే చాలినట్టు. చేతక్ స్కూటర్‌ను ఒక పక్కకు వంచి మళ్లీ నిలబెట్టి కిక్ కొట్టడాన్ని నవ్వులాటగా చెప్పుకుంటారు గానీ, కార్బరేటర్‌లోకి పెట్రోలు కాస్త ఎక్కువగా చేర్చే ఉపాయమది. బండి వేడెక్కాక చోక్ ఎప్పుడు తోసెయ్యాలన్నది కూడా తెలిసి ఉండాలి. ముందే తోసేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, ఆలస్యమైతే ప్లగ్‌కు మసి పట్టి షార్టవుతుంది. అది వీధి చివరి వరకా, రెండో మలుపు వరకా అన్నది ఊరిని బట్టి, నెలను బట్టి మారేది. ప్రతి ఇంట్లోనూ ఆ లెక్క తెలిసిన మనిషి ఒకరుండేవారు.

వేడి ఒక్కటే అయితే తెలంగాణ, రాయలసీమ, కోస్తా మెకానిక్కులకు ఒకే పాఠం సరిపోయేది. కానీ తేమ కూడా ఉంది: మచిలీపట్నంలో మే నెల ఉక్కపోతలో, 38 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న రోజున, పీల్చే గాలిలో దాదాపు 4 శాతం నీటి ఆవిరే. ఆ మేరకు ప్రాణవాయువు తగ్గినట్టే. జెట్ గుండా వచ్చే పెట్రోలు మాత్రం దాన్ని పట్టించుకోదు. కాబట్టి రామగుండం పొడి ఎండలో సరిగ్గా కుదిరిన సెట్టింగ్ కోస్తాలో ఇంకాస్త చిక్కబడి, బండి మందంగా నడుస్తుంది. ఎత్తుదీ ఇదే పని. విశాఖ నుంచి అరకుకు ఘాట్ ఎక్కితే సుమారు 900 మీటర్ల ఎత్తుకు గాలి పీడనం పదో వంతు తగ్గుతుంది. పైన చల్లగా ఉండటం వల్ల అందులో కొంత తిరిగి వస్తుంది, అయినా 8 శాతం దాకా లోటు మిగులుతుంది. అనంతగిరి మలుపుల్లో ఇద్దరిని ఎక్కించుకున్న బండి దమ్ము తగ్గిందంటే నేరమంతా ఏటవాలుది కాదు, పలచటి గాలిదీ భాగముంది. బుల్లెట్ల మీద లడఖ్ వెళ్లినవాళ్లు చిన్న సైజు జెట్లు సంచిలో వేసుకుపోయేది ఇందుకే. అక్కడి ఖర్దుంగ్ లా కనుమ ఎత్తున గాలి ఇక్కడి గాలిలో ఇంచుమించు సగమే. ఇక తొలకరి సాయంత్రం సంగతి. 40 డిగ్రీల నుంచి 28కి గంటలో పడిపోతే గాలి బరువు 4 శాతం పెరుగుతుంది, చిక్కబడి ఉన్న మిశ్రమం తన సరైన పాలుకు దగ్గరవుతుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లు వాన వెలిశాక బండి గొంతే మారిందని చెప్పేవారంటే అది మనసు చేసిన మాయ కాదు. ఆ మార్పును లెక్కగట్టి చూపించవచ్చు.

ఇక ఉస్తాద్ చేతి పని. ఎక్సలేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే తీరును సరిచేసే, "స్లో సెట్టింగ్" అని ఒక్క మాటలో తేల్చే ఆ పనిని దగ్గరనుంచి చూస్తే అందులో ఎంత క్రమం ఉందో తెలుస్తుంది. మొదట బండిని ఒక చుట్టు తిప్పి తెమ్మంటాడు. చల్లటి ఇంజిన్ మీద మరను ముట్టుకోడు. స్టాండు వేసి, గాలి దారిని తెరిచి మూసే స్లైడ్‌ను ఎత్తిపట్టే మరను బిగించి స్లో కొంచెం పెంచుతాడు. అప్పుడు చిన్న స్క్రూడ్రైవర్‌తో గాలి మరను పట్టుకుంటాడు. బుల్లెట్ మిక్‌కార్బ్ మీద గానీ, ఆర్‌ఎక్స్ 100 మికుని మీద గానీ ఆ మర స్లో జెట్‌కు పోయే గాలిని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదిలి, అక్కడి నుంచి పావు చుట్టు, మళ్లీ అందులో సగం. ప్రతిసారీ ఆగి వింటాడు. ఇంజిన్ తనంతట తాను వేగం అందుకునే చోటు ఒకటుంటుంది. దాన్ని దాటి ఇంకొంచెం తిప్పితే శబ్దం పొడిబారి, మధ్యలో దెబ్బ తప్పుతుంది; వెనక్కి తిప్పితే గొంతు బరువెక్కి, పొగకు పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. ఆ రెండు హద్దుల నడుమ శిఖరాన్ని పట్టుకుని, స్లోను మామూలుకు దించి, ఒక్కసారి రేసు చేసి వదులుతాడు. తడబడకుండా పడితే పని అయినట్టే. పది నిమిషాల పని. ఇంజినీరింగ్ కాలేజీలో దీన్నే నేర్పితే, ఒక చలరాశిని మారుస్తూ ఫలితం గరిష్ఠమయ్యే బిందువును వెతకడం అంటారు.

చెవి చెప్పినదాన్ని కన్ను సరిచూసేది. ప్లగ్ విప్పి, మొన దగ్గరి పింగాణీని వెలుతురుకు పట్టి చూడటం ఆ సరిచూపు. మసిబారి పొడి నలుపు రాలుతుంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లబడి, ఎలక్ట్రోడ్ అంచులు అరిగినట్టుంటే గాలి ఎక్కువ, ఇంజిన్ లోపల కాలిపోతోంది. లేత గోధుమ రంగు తేలితే సరే. స్లోలో నిలబెట్టిన బండి ప్లగ్ నిజం చెప్పదు కాబట్టి, తెలిసిన మెకానిక్ దూరం నుంచి నడిపించుకొచ్చిన బండినే నమ్మేవాడు. స్లైడ్‌కు వేలాడే సూది, అంటే నీడిల్ మీద ఐదు గాట్లుంటాయి, వాటిలో ఏ గాట్లో లాక్ పడితే ఎంత దూరం సూది దిగుతుందో, సగం ఎక్సలేటర్‌లో పెట్రోలు ఎలా మారుతుందో వేళ్లకు తెలుసు. అయితే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నిండా ఎక్సలేటర్‌లో పెట్రోలును నిర్ణయించే మెయిన్ జెట్‌ను ప్రతి కార్తెకూ మార్చినవాడు మన దగ్గర లేడు. కంపెనీ ఇంజినీర్లు మెయిన్ జెట్‌ను కాస్త చిక్కగా ఉండేలా ఎంచి, ఏడాది పొడుగునా వచ్చే తేడాను అందులోనే కలిపేసేవారు. రుతువుకు తగ్గ పనంతా చోక్, గాలి మర, అరుదుగా నీడిల్ లాక్, ఈ మూడింటిలోనే జరిగింది.

నాలుగైదు శాతం తేడాను చెవి పట్టగలదా అని అడగవచ్చు. ఎక్సలేటర్ సగానికి పైగా తిరిగి ఉన్నప్పుడైతే పట్టలేదనే ఒప్పుకుంటాను. అక్కడ ఇంజిన్ కొంచెం చిక్కదనాన్నీ కొంచెం పలచదనాన్నీ సర్దుకుపోతుంది. స్లోలో అలా కాదు. అప్పుడు లోపలికి వచ్చే తాజా మిశ్రమం చాలా తక్కువ, బయటికి పోకుండా మిగిలిన పాత పొగ పాలు ఎక్కువ. ఇంజిన్ ఆగిపోయే అంచున నిలబడి ఉంటుంది. ఆ అంచున చిన్న మార్పు కూడా వేగంలో తేడాగా వినిపిస్తుంది. మెకానిక్కులందరూ బండిని స్లోలోనే పరీక్షించింది అందుకే. పనిముట్టు చెవి అయినప్పుడు, చెవికి అందే చోటునే వాళ్లు ఎంచుకున్నారు. పొల్యూషన్ పరీక్ష యంత్రం కూడా పాత బండిని స్లోలోనే చూస్తుంది. 2000 మార్చి తర్వాత, బీఎస్-6కు ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదని నిబంధన. ఆ వాయువు హెచ్చిందంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు. మెకానిక్ చెవితో విన్న బరువు గొంతునే ఆ యంత్రం అంకెగా చూపిస్తుంది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఎండాకాలం బండి వేడెక్కుతుంది, మిశ్రమం పలచబడినా బండి వేడెక్కుతుంది. మరి ఎండలో మిశ్రమాన్ని ఇంకా పలచన చేయమనడం ఇంజిన్‌ను చంపడం కాదా? ఈ ప్రశ్న దగ్గరే మంచి మెకానిక్కుకూ అరకొర మెకానిక్కుకూ తేడా తేలేది. గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఎండ రెండు పనులు చేస్తుంది: మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది, చల్లార్చే శక్తిని తగ్గిస్తుంది. చిక్కబడిన మిశ్రమంలోని అదనపు పెట్రోలు ఆవిరవుతూ ఇంజిన్ వేడిని కొంత లాక్కుంటుంది. కాబట్టి ఎండ తెచ్చిన చిక్కదనాన్ని పూర్తిగా తుడిచెయ్యకూడదు. స్లో గొంతు తేలికపడే మేరకు సరిచేసి, ఎక్సలేటర్ ఎక్కువ తిప్పినప్పుడు ఉండే చిక్కదనాన్ని ఉన్నట్టు వదిలెయ్యాలి. తెలిసినవాళ్లు అదే చేశారు. కానీ బండి యజమానికి కావలసింది మైలేజీ. "ఇంకో ఐదు కిలోమీటర్లు పెంచు భాయ్" అని ఒత్తిడి చేసినవాళ్లకు లొంగి నీడిల్ దించి, జెట్ తగ్గించి, గాలి వదిలిన షెడ్లూ ఉన్నాయి. వాటి ఫలితం వేసవిలో కంటే చలికాలపు రాత్రుల్లో బయటపడేది. ఎండాకాలపు చిక్కదనం మీద ఆధారపడి పలచన చేసిన టూ స్ట్రోక్ బండి, జనవరి చలిలో హైవే ఎక్కి నిండా ఎక్సలేటర్ తిప్పేసరికి, బరువెక్కిన చల్లగాలికి మిశ్రమం మరీ పలచబడి పిస్టన్ పట్టేసేది. చల్లటి రాత్రి ఇంజిన్ ఎలా పట్టేసిందో ఎవరికీ అంతుపట్టక, ఆయిల్ కల్తీ అనో, కొత్త రింగుల లోపమనో తీర్మానించేవారు. కారణం వేసవిలో తగ్గించిన ఆ జెట్‌లో ఉండేది. సన్నటి రాగి తీగతో జెట్ పొడిచి, రంధ్రం పెద్దది చేసి, "శుభ్రం చేశా" అన్నవాళ్లూ లేకపోలేదు. ఏ విద్యలోనైనా ఇలాంటివాళ్లు ఉంటారు. నాటు వైద్యుడున్నాడని వైద్యం అబద్ధమైపోదు.

ఇంజెక్షన్ మేలైనది కాదా అంటే, మేలైనదే. ఇందులో నాకు రెండో మాట లేదు. గాలి వెళ్లే దారిలో చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ సంకేతాన్నీ, పీడనం, ఇంజిన్ వేడి, ఎక్సలేటర్ తెరుచుకున్న మేరనూ కలిపి చూసి, పెట్రోలు ఎంతసేపు చిమ్మాలో కంప్యూటర్ మిల్లీసెకన్లలో తేలుస్తుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ నిర్ణయాన్ని దిద్దుతూ ఉంటుంది. ఆదిలాబాద్ చలికీ, రెంటచింతల ఎండకూ, అరకు ఎత్తుకూ ఎవరూ మర తిప్పనక్కర్లేదు. నగరాల్లో మనం పీల్చే గాలికి ఇది చేసిన ఉపకారం చిన్నది కాదు. టూ స్ట్రోక్ పొగలో బస్టాపుల్లో నిలబడ్డ తరం ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోదు, కోరుకోకూడదు కూడా. అయితే ఈ మేలు ఒప్పుకోవడం నా వాదనను బలపరుస్తుందే తప్ప తగ్గించదు. ప్రపంచంలోని ఇంజినీర్లు ఆ సెన్సర్‌ను అక్కడ పెట్టవలసి వచ్చిందంటే, పీల్చే గాలి వేడి మిశ్రమాన్ని మారుస్తుందన్నది తీసిపారేయగల విషయం కాదనేగా? అదే విషయాన్ని పట్టుకుని నలభై ఏళ్లు పనిచేసినవాళ్లకు మాత్రం హస్తవాసి అన్న బిరుదే మిగిలింది. మార్పు ఒక్క రోజులో రాలేదు కూడా. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ప్రకటన పెట్రోలు పోయించి, మూత పెట్టి, ఇక మరిచిపొమ్మంది. జనం నిజంగానే మరిచిపోవడం అప్పటి నుంచే మొదలైంది. 2006లో గ్లామర్ ఇంజెక్షన్‌తో వచ్చేనాటికి, గాలి మర ఎక్కడుంటుందో తెలిసిన యజమానులు తగ్గిపోయారు.

ఈ విద్యను ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి గతం మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు. కార్బరేటర్ బండ్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. పాల క్యాన్లు మోస్తున్నాయి, పొలాలకు వెళుతున్నాయి. వాటిలో పోసే పెట్రోలు మాత్రం మారిపోయింది. 2022లో పది శాతం దాటిన ఇథనాల్ పాలు ఇప్పుడు ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌లో బరువులో మూడో వంతు ఆక్సిజన్ ముందే ఉంటుంది. అందుకే ఈ-20 పెట్రోలు ఒక గ్రాము మండటానికి 14.7 గ్రాముల గాలి అక్కర్లేదు, దాదాపు 13.5 గ్రాములు చాలు. ఇంజెక్షన్ బండి ఈ తేడాను ఆక్సిజన్ సెన్సర్ చెప్పగా సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు చెప్పేవారు లేరు. దానికి మిశ్రమం సుమారు 8 శాతం పలచబడినట్టే. మే నెల ఎండ తెచ్చే చిక్కదనం ఇందులో సగం దాకా పూడుస్తుంది కాబట్టి వేసవిలో లోపం పెద్దగా కనిపించదు. చలికాలం వచ్చేసరికి బరువైన గాలి, పలచబరిచే ఇథనాల్ రెండూ ఒక వైపే లాగుతాయి. పైగా ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడి అడుగుతుంది. పాత బండి ఈ మధ్య చలికాలంలో స్టార్టు కావట్లేదనీ, వేగం అందుకునేటప్పుడు తుమ్ముతోందనీ అనేవాళ్లు బ్యాటరీ, కాయిల్ మార్చే ముందు ఈ లెక్క చూసుకోవాలి. గాలి మర అరచుట్టు బిగించడం, నీడిల్ లాక్‌ను ఒక గాటు కిందికి దించి సూదిని పైకి లేపడం, అవసరమైతే మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచడం, దీనికి చాలినంత మందు ఇదే. రబ్బరు వాషర్లు, పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవేనా అని కూడా చూపించుకోవాలి.

ఈ పని తెలిసినవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఒకరిద్దరు ఉండి ఉంటారు. చాలామంది అరవై దాటారు, షెడ్లు కొడుకులకు అప్పగించారు, కొడుకులు స్కానర్‌తో పని చేస్తున్నారు. ఇంట్లో కార్బరేటర్ బండి ఉన్నవారు ఈ కార్తీకం రాకముందే దాన్ని ఆ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లండి. పాతిక కిలోమీటర్లు నడిపాక ప్లగ్ విప్పించి రంగు చూపించుకోండి. ఆయన తిప్పిన ప్రతి మరనూ, ఎన్ని చుట్లో, ఏ నెలలోనో, ఏ రోజు ఎంత ఎండ ఉందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.